దొరికేదాకా వెతికే ఆవిడ

డబ్బింగ్ థియేటర్లో ఆవిడను అందరూ కేకలమ్మ అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేది. దాన్ని ఎవరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. కథానాయికలకు గొంతు ఇచ్చేవాళ్ళు వేరే. వాళ్ళకు కుర్చీ వేస్తారు, తేనె కలిపిన వేడినీళ్ళు ఇస్తారు. కేకలమ్మకు వచ్చేదంతా గుంపు పని. బజారులో బేరాలాడే ఆడవాళ్ళు, గుర్రం అడ్డమొస్తే తిట్టేవాళ్ళు, దొంగను చూసి గోల పెట్టేవాళ్ళు, ఇల్లంటుకుంటే పరిగెత్తేవాళ్ళు. పదిహేనేళ్ళుగా వీడియో గేముల్లో ఆవిడ చచ్చినన్ని చావులు ఎవరూ చచ్చి ఉండరు. కత్తిపోటుకు ఒక రకం, బాణానికి ఒక రకం, మేడమీంచి పడితే ఇంకో రకం.

"ఇవాళ ఎంతమందిగా పోయావే?" అని వాళ్ళాయన ఫోన్లో అడిగేవాడు. ఆయన గూడ్సు బండి గార్డు, ఇంటిపట్టున ఉండే రోజులు తక్కువ.

"పదకొండుమంది. గొంతు మండుతోంది, పెట్టెయ్యి" అనేది ఈవిడ.

ఈ పని నేర్పిన పెద్దక్క మొదటిరోజే ఒక మాట చెప్పింది. మైకు ముందు ఏడవమంటే ఏడువు, చావమంటే చావు, నీ వాళ్ళ పేరు మాత్రం నోటివెంట రానివ్వకు అని. ఎందుకని అడిగితే, "ఎందుకో చెప్పాల్సిన అవసరం రాకుండా చూసుకో" అంది. పెద్దక్క ఎవరికోసం ఏడవాల్సి వచ్చినా చిన్నప్పుడు పెంచుకున్న కుక్క పేరు పెట్టి ఏడ్చేది. వినేవాళ్ళకు తెలియదు కాబట్టి వాళ్ళూ కళ్ళు తుడుచుకునేవాళ్ళు. కేకలమ్మ కూడా ఆ కుక్కనే అరువు తెచ్చుకుని పదిహేనేళ్ళు నెట్టుకొచ్చింది.

అప్పుడు ఆ కోట గేము వచ్చింది. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఊరు, చుట్టూ కోటగోడ, గోడ బయట శత్రుసైన్యం. ఆడేవాడు తాళాలు చేసే మనిషి వేషంలో లోపలికి వస్తాడు. వాడి పని ఒకటే, ఉత్తరపు తలుపు తీయడం. ఎప్పుడు తీస్తాడన్నది వాడి ఇష్టం. నెలల తరబడి ఊరంతా తిరగొచ్చు, మిద్దెల మీంచి దూకొచ్చు, కాపలావాళ్ళతో స్నేహం చెయ్యొచ్చు, గుర్రాలు దొంగిలించొచ్చు, రంగులద్దేవాళ్ళ వీధిలో కూర్చుని వాళ్ళ ఊసులు వినొచ్చు. ఎంత తిరిగినా చివరికి తలుపు తీయాల్సిందే, తీశాక ఊరు కాలాల్సిందే.

ఊరు కాలే రోజు రికార్డింగుకు కేకలమ్మ చేతికిచ్చిన కాగితంలో ఒక చోట, "తల్లి బిడ్డను పేరు పెట్టి పిలుస్తుంది" అని ఉంది. ఏ పేరో లేదు. రాసినాయన సెలవులో ఉన్నాడు.

"ఏదో ఒకటి పిలవండమ్మా, ఎలాగూ గుంపులో కలిసిపోతుంది" అన్నాడు డైరెక్టరు అద్దం అవతలి నుంచి.

కుక్క పేరుతో పిలిచింది. చప్పగా ఉందన్నాడు. మళ్ళీ పిలిచింది. వంటింట్లోంచి అన్నానికి పిలుస్తున్నట్టుందన్నాడు. ఆరుసార్లయ్యాక ఆయన హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకుని, "మీ పాప ఎప్పుడైనా తప్పిపోయిందా?" అని అడిగాడు.

పోయింది. నాలుగేళ్ళప్పుడు బస్టాండులో, ఏడు నిమిషాలు. అదసలు ఒకచోట కుదురుగా ఉంటే కదా. పాకడం రాకముందే మంచం మీంచి గెంతిన పిల్ల అది. అందుకే ఇంటిల్లిపాదీ దాన్ని మిడత అంటారు. బడి పేరు నోటుపుస్తకాల అట్టల మీదకు మాత్రమే పనికొచ్చేది. ఆ ఏడు నిమిషాలు గుర్తు రాగానే కేకలమ్మ కళ్ళు మూసుకుంది. "మిడతా... ఒసేయ్ మిడతా, ఎక్కడున్నావే, పలకవే" అని నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

 అద్దం అవతల సౌండ్ ఇంజినీరు మెల్లగా, "సార్, ఇంక చాలు" అన్నాడు.

అది నా కూతురి పేరు, తీసెయ్యండి అని అప్పుడే చెప్పాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే డైరెక్టరు బయటికొచ్చి, పదిహేనేళ్ళలో మొదటిసారి, ఆవిడకు కుర్చీ లాగి వేశాడు. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని గుంపులో పడేసి తప్పు చేశామమ్మా" అన్నాడు. కుర్చీకి పొంగిపోయింది పిచ్చిది. నోరు మూసుకుని కూర్చుంది.

గేము బయటికొచ్చిన వారానికి తమ్ముడు కొనుక్కొచ్చాడు. వాడు అక్క ఇంట్లోనే ఉంటూ కళ్ళద్దాల కొట్లో పనిచేస్తాడు. ఆదివారం పొద్దున్నే హాల్లో టీవీ ముందు చతికిలబడితే పక్కన మేనకోడలు అంటుకుపోయి కూర్చునేది. చిన్నపిల్లకు నరుక్కోవడాలు చూపిస్తావేమిట్రా అని అక్క కసిరితే, "నరకట్లేదక్కా, ఊరు చూపిస్తున్నా" అనేవాడు. నిజంగానే వాడికి తలుపు తీయాలన్న తొందరేమీ లేదు. రెండు నెలలు మిద్దెలమీదే కాపరం చేశాడు.

ఊరు చాలా బాగా చేశారు. తడిసిన గుడ్డలు దండేల మీంచి కారుతుంటాయి, మధ్యాహ్నానికి అరుగుల నీడ జరుగుతుంది. చూస్తూ చూస్తూ ఒకరోజు మిడత అడిగింది, "మావయ్యా, ఈ ఊళ్ళో పిల్లలేరీ?"

"పిల్లలు చచ్చిపోతున్నట్టు చూపించకూడదటే. చివర్లో ఊరు కాలుతుంది కదా. అందుకని అసలు పిల్లల్నే పెట్టలేదు."

తొమ్మిదేళ్ళ పిల్ల, అంతటితో వదిలిపెడుతుందా. ఇల్లిల్లూ తిప్పించింది. ఉయ్యాలలున్నాయి. గుమ్మం పక్కన చిన్న చెప్పులున్నాయి. గోడల మీద నడుమెత్తున బొగ్గుగీతలున్నాయి. గీసినవాళ్ళు లేరు. వంటింటి గడపలో నిలబడి చూస్తున్న కేకలమ్మ పొయ్యిమీద పాలున్నాయని లోపలికి వెళ్ళిపోయింది.

తమ్ముడు తలుపు తీసిన రోజు ఆవిడ ఇంట్లోనే ఉంది. పొగలో జనం ఉరుకుతున్నారు, మేడలు కూలుతున్నాయి. రంగులద్దేవాళ్ళ వీధిలోంచి పసుపురంగు దుప్పటి కప్పుకున్న ఒకావిడ వచ్చింది. "మిడతా... ఒసేయ్ మిడతా, ఎక్కడున్నావే, పలకవే."

తమ్ముడు తల తిప్పి అక్కను చూశాడు. మిడత మాత్రం అమ్మను చూడలేదు. టీవీనే చూస్తూ, "ఇక్కడున్నా" అంది.

తర్వాత తెలిసింది అసలు సంగతి. ఊరు కాలిపోయాక అందరూ చావడమో పారిపోవడమో జరుగుతుంది. ఈవిడ ఒక్కతే మిగులుతుంది. బూడిదలో ఇల్లిల్లూ తిరుగుతుంది, ప్రతి గుమ్మం ముందూ ఆగి పిలుస్తుంది. ఆటలో మూడు రోజులు గడిచినా అంతే, ముప్ఫై రోజులు గడిచినా అంతే.

"దొరికేదాకా వెతకాలి అని రాశారక్కా ఆవిడకి. దొరకడానికి పిల్ల ఉంటేగా. అందుకని ఆగదు. పని పూర్తయ్యేదాకా చావదు కూడా" అన్నాడు తమ్ముడు, అదేదో తమాషాలా. చూపిస్తానని కత్తితో ఒక్క పోటు పొడిచాడు. పసుపు దుప్పటావిడ మోకాళ్ళమీద పడింది. మెల్లగా లేచింది. వాడి వంక, అంటే టీవీ బయటికి, ఒక క్షణం చూసి పక్క గుమ్మానికి వెళ్ళి మళ్ళీ పిలిచింది. కేకలమ్మ వచ్చి టీవీ తీగ పీకేసింది.

తమ్ముడి ఆట ఆపగలిగింది గానీ లోకం ఆట ఆపగలదా. ఊరు కాలుతుంటే మిడతను పిలిచే ఆవిడ ఆ గేములో అన్నిటికంటే పెద్ద వింతైపోయింది. పిల్ల ఎక్కడో దాగి ఉందని, వెతికితే దొరుకుతుందని పుకారు లేచింది. జనం కత్తులు పక్కన పడేసి బూడిదలో ఆవిడ వెనకే తిరగడం మొదలుపెట్టారు. పై అంతస్తులోంచి మిడతా. పక్క వీధి కిటికీలోంచి మిడతా. మంగలి కొట్లో ఎవరి ఫోన్లోంచో మిడతా, ఎక్కడున్నావే. తన నోరు మూసే ఉంటుంది, తన గొంతు వీధంతా తిరుగుతుంటుంది. విన్నప్పుడల్లా కేకలమ్మకు మెడలో నరం బిగిసేది, అరిచింది తనే అన్నట్టు.

పిల్ల వెళ్ళడం మొదలుపెట్టింది.

మొదటిసారి పై అంతస్తుకు. ఆ ఇంటి పిన్నిగారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "మీ పాప మా టీవీ ముందు నిలబడి ఇక్కడే ఉన్నా, ఇక్కడే ఉన్నా అంటోందండీ, ముద్దొచ్చింది" అని నవ్వింది. రెండోసారి పక్క మేడలోకి. మూడోసారి వీధి చివరికి. ఇంక ఇది నవ్వులాట కాదని కేకలమ్మ గదమాయించింది.

"అది నేను కాదని తెలీదా నీకు?"

"తెలుసమ్మా. నేనెక్కడున్నానో నీకు తెలుసుగా, నువ్వెందుకు పిలుస్తావు. ఆవిడకే తెలీదు."

"ఆవిడ బొమ్మే."

"నన్నే పిలుస్తోంది. పలక్కపోతే ఆపదు" అంది మిడత. మళ్ళీ, "పిన్నిగారింట్లో ఒకసారి ఆగింది. నన్ను చూసింది" అంది.

పిన్నిగారిని అడిగితే ఆవిడ ఎటూ తేల్చలేదు. "మావాడు మీట నొక్కడం ఆపాడేమోనండీ. ఆగిన మాట నిజమే. నేనూ చూశాను" అంది. అంటూనే తలుపు కొంచెం దగ్గరికి వేసింది.

ఆ మర్నాడు పెద్ద రోడ్డు అవతలి మేడలోంచి పిలుపు వినిపించింది. మిడత అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటింది. బస్సు డ్రైవరు తొక్కిన బ్రేకుకు లోపల నిలబడ్డవాళ్ళందరూ ఒకరిమీద ఒకరు పడ్డారట. కూరగాయల సంచితో వస్తున్న కేకలమ్మ ఆ బస్సుకూ తన కూతురికీ మధ్యనున్న జానెడు ఖాళీని కళ్ళారా చూసింది. పైప్రాణాలు పైనే పోయాయి. ఇంటికి ఎలా చేరారో ఆవిడకు గుర్తు లేదు.

డైరెక్టరుకు ఫోన్ చేసింది. ఈసారి ఏదీ దాచలేదు. 

"ముందే చెప్పాల్సిందమ్మా."

"చెప్పాల్సింది. ఇప్పుడు చెబుతున్నాను, తీసెయ్యండి."

"వచ్చే నెల అప్‌డేట్‌లో తీయిస్తాను. అప్పటిదాకా పాపను జాగ్రత్తగా చూసుకోండి."

వచ్చే నెలంటే ఇంకా ఇరవైరెండు రోజులు. అన్నాళ్ళూ పిల్లను గదిలో పెట్టి తాళం వెయ్యడం కుదరదు. పెద్దక్క దగ్గరికెళ్ళి కూర్చుంది. ఆవిడ తిట్టలేదు, నేను చెప్పానుగా అనలేదు. "ఆ పేరు ఇంక నీది కాదు. వదిలెయ్యి. వేరే పేరుతో పిలుచుకో" అంది. తిట్టినా బాగుండేదనిపించింది కేకలమ్మకు.

అలా నియమం పెట్టుకున్నారు తల్లీకూతుళ్ళు. ఇకమీదట అమ్మ పిలిస్తే బడి పేరుతోనే పిలుస్తుంది. మిడతా అని వినిపిస్తే, ఎంత దగ్గర్నుంచి వినిపించినా, అది ఆవిడే. తిరిగి చూడకూడదు, పలకకూడదు.

చెప్పి ఊరుకుంటే పిల్లకు ఒంటబట్టదని నేర్పించడానికి కూర్చుంది. హాల్లో పిల్లను గోడవైపు తిప్పి నిలబెట్టి వెనక నుంచి మిడతా అని పిలిచేది. తిరిగితే మళ్ళీ మొదటికి. తిరక్కపోతే ఒక బిస్కెట్టు. మొదటి రెండు రోజులూ పిల్ల ప్రతిసారీ తిరిగింది. నవ్వుతూ తిరిగేది, పాపం. తర్వాత భుజం మాత్రం కదిలేది. కేకలమ్మ ఊరుకోలేదు. కోపంగా పిలిచింది, గారంగా పిలిచింది, ఏడుస్తూ పిలిచింది. నీళ్ళలో మునిగిపోతున్నట్టు పిలిచింది, మంటల్లోంచి పిలిచింది. పదిహేనేళ్ళ పనితనమంతా ఆ గోడ ముందు ఖర్చుపెట్టింది. వారం తిరిగేసరికి పిల్ల ఉలకదు, పలకదు. గోడమీద సున్నం పెచ్చు గిల్లుతూ నిలబడేది.

చూస్తున్న తమ్ముడు, "అక్కా, చాల్లే. నాకేదోలా ఉంది" అన్నాడు.

"ఇంకొక్కసారి" అంది. ఆ ఒక్కసారి తనకే భయం వేసేలా పిలిచింది. పిల్ల కదల్లేదు. అమ్మయ్య అనుకుని వెనక్కి వాలింది. సంతోషపడాలి నిజానికి. ఎందుకో పడలేకపోయింది. పిల్లను ఒళ్ళోకి లాక్కుని బడి పేరుతో పిలిచింది. ఎవరో పరాయి పిల్లను పిలుస్తున్నట్టుంది. మిడత మాత్రం టక్కున, "ఊ" అంది.

నియమం పనిచేసింది. కిటికీల్లోంచి ఎన్ని పిలుపులు వచ్చినా పిల్ల చదువుకునేది చదువుకున్నట్టే, గెంతేది గెంతినట్టే. అప్పుడప్పుడు పెన్సిల్ ఆపి వినేది, మళ్ళీ రాసుకునేది. అప్‌డేట్‌కు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

ఆ రోజు బడికి సెలవు. పొద్దున పదకొండు గంటలు, ఎండ బాగా కాస్తోంది. కేకలమ్మ మూడో అంతస్తు బాల్కనీలో దుప్పట్లు ఆరేస్తోంది. కింద సందులో మిడత ఒక్కతే సుద్దముక్కతో నేలమీద గళ్ళు గీసుకుంటోంది. ఎదురు స్థలంలో కొత్త మేడ కడుతున్నారు. దానికి ఇసుక తెచ్చిన లారీ ఒకటి సందులోకి వెనక్కి వస్తోంది. వెనక నిలబడి రా రా అనాల్సిన మనిషి తాగునీళ్ళకు వెళ్ళాడు కాబోలు, ఎవరూ లేరు. మిడత లారీకి వీపు పెట్టి కూర్చుంది. సందులో ఇంకో పక్క కాంక్రీటు కలిపే యంత్రం రొద పెడుతోంది. ఆ రొదలో లారీ చప్పుడు పిల్లకు విడిగా వినబడలేదు.

కేకలమ్మ దుప్పటి వదిలేసింది.

"మిడతా."

పిల్ల చేతిలో సుద్దముక్క ఆగింది. విన్నది. పైనుంచి కేకలమ్మకు స్పష్టంగా కనిపించింది, దాని తల కొద్దిగా పైకి లేవడం, మళ్ళీ వంగడం. ఇంకో గీత గీసుకుంది.

"మిడతా, లెయ్యవే, వెనక లారీ, మిడతా."

సందు అవతలి మేడ కిటికీలో ఒకాయన షేవింగ్ చేసుకుంటున్నాడు. తల తిప్పలేదు. పై అంతస్తు పిన్నిగారు బాల్కనీలోనే ఉంది, మొక్కకు నీళ్ళు పోస్తోంది. తలెత్తలేదు. ఇస్త్రీ బండివాడు ఇస్త్రీ చేస్తూనే ఉన్నాడు. వీధి మొత్తానికి ఆ కేక రోజూ వినేదే.

బడి పేరు. దాన్ని బడి పేరుతో పిలవాలి. కేకలమ్మ నోరు తెరిచింది. లేదు. నోట్లో లేదు, తలలో లేదు. నోటుపుస్తకం అట్ట కళ్ళముందుకు వస్తోంది గానీ దానిమీద రాసింది రావడం లేదు. తను కన్న పిల్లకు తనే పెట్టుకున్న పేరు. లారీ ఇంకో బారెడు వెనక్కొచ్చింది. రెయిలింగు పట్టుకుని, ఊపిరితిత్తుల్లో ఉన్నదంతా కలిపి అరిచింది. వచ్చింది ఆ ఒక్క పేరే.

లారీ ఆగింది.

మెట్లు ఎలా దిగిందో తెలియదు, చెప్పుల్లేవు. కింద డ్రైవరు బండి దిగి వెనక్కొచ్చి నిలబడి ఉన్నాడు. పొరుగూరి మనిషి. ముసలాయన. గేములూ గీములూ ఏమీ తెలిసినట్టు లేదు. చక్రానికీ సుద్దగీతలకూ మధ్య రెండడుగుల ఖాళీ ఉంది.

"ఎవరో ఆడమనిషి అరిచిందమ్మా. అట్లా అరిస్తే ఆపకుండా ఎట్లా ఉంటాను" అన్నాడు.  చుట్టూ మేడల వంక చూసి, "ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ బయటికి రాలేదేం" అన్నాడు.

కేకలమ్మ రోడ్డుమీదే కూలబడి పిల్లను గట్టిగా హత్తుకుంది. ఏదో అనాలని చూసింది. గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప ఏమీ రాలేదు.

మిడత కాసేపు ఊపిరాడనట్టు గింజుకుని, తల బయటికి తీసింది. చేతులకూ బుగ్గకూ సుద్ద అంటుకుంది. కళ్ళు మెరుస్తున్నాయి.

"అమ్మా, విన్నావా? ఆవిడ ఎన్నిసార్లు పిలిచిందో. చాలా దగ్గర్నుంచి పిలిచింది, మన బాల్కనీలోంచి పిలిచినట్టే ఉంది. నేను ఒక్కసారి కూడా తిరగలేదు."

బిస్కెట్టు కోసం చెయ్యి చాపింది. అమ్మ ఏమీ అనకపోయేసరికి ఆ చెయ్యి మెల్లగా దించుకుని, మేడల కిటికీల వైపు చూసింది.

"ఇవాళ మాత్రం చాలా భయపడిందమ్మా, పాపం" అంది.